రోలు, చీమలు, తడిబట్ట

అమ్మకు గానీ, అన్నకు గానీ, చివరికి రోజూ రాసుకునే డైరీలో గానీ నేను ఇంతవరకు చెప్పని సంగతి ఒకటుంది. నేను తొక్కితే పక్కింటి అక్కకు నొప్పి తగ్గేది కాదు. ఒక్కనాడు కూడా తగ్గలేదు. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు. ఇప్పుడు నా ఒక్కదానికే తెలుసు.

కడపలో ట్రైనింగు ముగించుకుని, రాజంపేటలో ఆడపిల్లల బడిలో పనికి చేరాక, వేసవి సెలవులకు మొదటిసారి కర్నూలు వచ్చాను. డోన్‌లో బండి మారేటప్పుడు ట్రంకుపెట్టె గొళ్ళెం ఊడిపోయింది. స్టేషనుకు వచ్చిన అన్న దానికి తాడు కడుతూ చెప్పాడు.

"పక్కింటి వదిన పోయింది మే. విషజ్వరం. నీకు కార్డు రాద్దామనుకుంటిమి. ఎట్లాగూ వస్తాండావు గదా అని ఊరకుంటిమి."

"ఓ" అన్నాను. జట్కాలో పెట్టె సరిగ్గా కుదిరిందో లేదో చూసుకున్నాను. ఇంటికి వచ్చి చీరలు తీసి దండెం మీద వేశాను. ఏడుపు రాలేదు. దొడ్లో కాళ్ళు కడుక్కుంటూ కుడికాలి వంక కాసేపు చూశాను, అంతే.

ఆ కాలి సంగతి చెప్పాలి. నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. తల రావలసిన చోట ముందు కాళ్ళు వచ్చాయట. అలా పుట్టినవాళ్ళు తొక్కితే నడుము పట్టు వదులుతుందని మా వైపు అందరి నమ్మకం. చదువు అక్కర్లేదు, అనుభవం అక్కర్లేదు, పుట్టుకే మందు. ఎవరింట్లో ఎవరికి నడుము పట్టినా నాకు పిలుపు వచ్చేది. నేను తల వంచుకుని పోయి, పెద్దవాళ్ళ వీపు మీద కాలు మోపి, తర్వాత ఆ పాపం పోవడానికి వాళ్ళ కాళ్ళకు దండం పెట్టి, ఇచ్చిన బెల్లంముక్క కొంగున కట్టుకుని పరుగున ఇంటికి వచ్చేదాన్ని. నలుగురిలో నోరు విప్పలేని పిల్లకు ఇంతకంటే పెద్ద శిక్ష ఉండదు. వీధిలో నా పేరు చాలామందికి తెలియదు. ఎదురుకాళ్ళ పాప అనేవాళ్ళు.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో, గుడారాల్లో ఆఫీసులు పెట్టిన రోజుల్లో, అక్కవాళ్ళు మా పక్కింటికి వచ్చారు. పత్తికొండ దగ్గర పల్లెలో భూములున్నవాళ్ళు. కొడుకు వేరుశనక్కాయల వ్యాపారం మొదలుపెట్టి నెలలో సగం రోజులు ఆదోనిలోనే ఉండేవాడు. ఇంట్లో అత్తా, కోడలూ. అత్తను నేను పెద్దమ్మా అనేదాన్ని. కోడలిని అక్కా అనేదాన్ని.

అక్క అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆమె నిలబడే తీరు. కుడిచేత్తో ఎడమ మోచేతిని పట్టుకుని నిలబడేది. తన చెయ్యి తనది కానట్టు, ఎవరిదో కాసేపు పట్టుకోమంటే పట్టుకున్నట్టు. ఎవరైనా "ఎట్లుండావమ్మా?" అని అడిగితే జవాబు చెప్పేముందు గదిలో ఇంకెవరున్నారో చూసేది. నవ్వితే శబ్దం వచ్చేది కాదు. దవడ కూడా నొప్పే గనక చేత్తో పట్టుకుని నవ్వేది.

ఆమెకు ఒళ్ళంతా నొప్పి. ఒకచోట అని కాదు. ఒకనాడు భుజాలు, ఒకనాడు తొడలు, ఒకనాడు అరికాళ్ళు. గాజులవాడు వస్తే వీధిలో ఆడవాళ్ళంతా చేతులు చాచుకుని కూర్చునేవాళ్ళు. ఈమె మాత్రం గుంజకు ఆనుకుని దూరంగా నిలబడేది. గాజు ఎక్కించడానికి వాడు చెయ్యి నలిపితే ఆమెకు చెమటలు పోసేవి. అందుకని ఎప్పుడూ పెద్ద సైజు గాజులు, పని చేస్తుంటే మోచేతిదాకా జారేవి. "మా కోడలికి ఏనుగు గాజులు కావాల" అని పెద్దమ్మ నలుగురిలో నవ్వేది.

పెద్దమ్మ చెడ్డది కాదు. ఇది మాత్రం రాసి తీరాలి. కోడలికి మందు చేయించడంలో ఆమె ఏనాడూ వెనక్కి తగ్గలేదు. ఆముదం కాచి తానే మర్దన చేసేది. ఇసుక వేయించి మూట కట్టి, పొయ్యి దగ్గర చెమటలు కక్కుతూ కాపడం పెట్టేది. ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఆయన మోకాళ్ళ మీద చిన్న సుత్తితో కొట్టి, కళ్ళు చూసి, ఏమీ లేదని ఎర్రమందు సీసా ఇచ్చాడు. కోట దగ్గర ఎముకలు కట్టే పహిల్వాన్ ఉంటే అక్కడికీ తీసుకుపోయింది. ఆడవాళ్ళను ఆయన ముట్టడు, ఆయన భార్య తోముతుంది. తోడుగా నేనూ పోయాను. ఆ పెద్దావిడ మెడ దగ్గర మొదలుపెట్టి పాదాలదాకా వేళ్ళతో నొక్కి చూసి చేతులెత్తేసింది.

"యాడ ముట్టినా అమ్మా అంటాండావే బేటీ! ఎముక విరిగింటే కట్టు కడతా. మొత్తం మనిషికే కట్టమంటే ఎట్ల కట్టేది?"

అక్క దవడ పట్టుకుని నవ్వింది. పెద్దమ్మకు నవ్వు రాలేదు. దారిలో అంది, "ఇంగ ఎదురుకాళ్ళ పాప ఉండనే ఉండాది. ఆదివారం, గురువారం తొక్కించుదాం. దానికీ తగ్గకపోతే మా ఊరి దిక్కు ఒకాయన ఉండాడు. వాతలు పెడతాడు. ఎద్దులకీ పెడతాడు, మనుషులకీ పెడతాడు."

అక్క నవ్వు ఆగింది. మోచేయి పట్టుకుని మా వెనక నడిచింది.

ఆదివారం పోయాను. వాళ్ళ లోపలి గదిలో కడప బండలు పరిచిన నేల, మధ్యాహ్నం కూడా చల్లగా ఉండేది. ఆమె చీర వదులు చేసుకుని బోర్లా పడుకుంది. పెద్దమ్మ తలుపు దగ్గరికి వేసి బయట చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. నేను గోడ పట్టుకుని కాలు మోపాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. వీపంతా ఒక్కసారి బిగుసుకుంది. భయపడి కాలు తీసేశాను.

"తియ్యొద్దు" అంది నెమ్మదిగా. "బరువెయ్యొద్దు. ఊరికే ఆనించి ఉండు."

ఒంటికాలి మీద నిలబడ్డాను. కాసేపటికి ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను.

"కొంగ మాదిరి ఉండావు" అంది. "కూకో సెల్లీ."

"పెద్దమ్మ..."

"తలుపు తియ్యదులే. కాకపోతే సద్దు ల్యాకుండా ఉండొద్దు. ఈడనా అక్కా, ఈడనా అక్కా అని అడగతా ఉండు. గట్టిగా."

నేను బడిలో కూడా గట్టిగా మాట్లాడి ఎరగను. "ఈడనా అక్కా?" అన్నాను.

"పిల్లి మాదిరి కాదు."

"ఈడనా అక్కా!"

"ఆ, ఆడనే! అమ్మమ్మా, ఇంగ కొంచెం కిందికి!" అని అరిచి, చెంప బండకు ఆనించి కళ్ళు మూసుకుంది.

బయటినుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. "బాగా తొక్కు పాపా! మొగమాటపడొద్దు!"

అలా మొదలైంది. పగటిపూట కోడలు నడుము వాలిస్తే ఆ ఇంట్లో ఒప్పుకోరు. మందు కోసం పడుకుంటే మాత్రం ఎవరూ ఏమీ అనరు. వారంలో ఆ రెండు మధ్యాహ్నాలే ఆమె వీపు నేలకు దించే వేళలు. నొప్పి పోయేది కాదు. నిద్ర వచ్చేది. కొన్నిసార్లు వీపు మధ్యలో అరచెయ్యి పెట్టమనేది. నొక్కకూడదు, రుద్దకూడదు. "ఊరికే ఉండనీ" అనేది. నా చెయ్యి అక్కడే ఉండి చెమట పట్టేది.

మెలకువగా ఉంటే ఆ పూట నొప్పి ఏ రకమో చెప్పేది. ఆమెకు దానికి సొంత పేర్లుండేవి. "ఈ పొద్దు రోలు" అంటే ఎవరో రోలు ఎత్తి మీద పెట్టినట్టు. "ఈ పొద్దు చీమలు" అంటే చర్మం కింద పాకుతున్నట్టు. అన్నిటికంటే చెడ్డది తడిబట్ట. దుప్పటి ఉతికి ఇద్దరు చెరో కొసా పట్టుకుని పిండుతారే, అట్లా. తడిబట్ట రోజున ఆమె మాట్లాడేది కాదు.

నేను లైబ్రరీ నుంచి తెచ్చిన నవలలు కొంగు కింద దాచుకుని తీసుకుపోయేదాన్ని. లోగొంతుకతో చదివేదాన్ని. నాయిక కిటికీ పక్కన నిలబడి కన్నీరు కారుస్తుండగా మధ్యలో తలెత్తి "ఈడనా అక్కా!" అని అరిచి, మళ్ళీ కన్నీటి దగ్గర అందుకునేదాన్ని. ఆమె అన్నీ వినేది. ఒకసారి కళ్ళు మూసుకునే అంది, "ఇన్ని పుటలు ఏడిసింది గదా ఈమె. యాడా మెడ పట్టుకున్యాదని ల్యా. రాసినాయనకు ఒళ్ళు నొప్పులు తెలిసినట్టు ల్యా."

అప్పటినుంచి ఏ నవల చదివినా ఆ మాట అడ్డం వస్తుంది.

పని ముగిశాక తలుపు తీసేవాళ్ళం. పెద్దమ్మ కోడలి ముఖంలోకి చూసి "తగ్గెనా?" అనేది. అక్క ముందు నా వంక చూసి, "ఈ పూటకి తగ్గింది అత్తా" అనేది. ఆ పూటకి అనడంలోనే ఉంది అంతా. పూర్తిగా తగ్గిందంటే గురువారం నేను రానక్కర్లేదు. అసలు తగ్గలేదంటే పత్తికొండ ప్రయాణం. ఆ రెంటికీ మధ్య ఆమె ఏళ్ళ తరబడి జాగ్రత్తగా నడిచింది.

వాతల గురించి ఒకేసారి మాట్లాడింది. ఆ వేళ నేను అడగలేదు, ఆమే మొదలుపెట్టింది. "మా పుట్టింట్లో ఒక ఎద్దుకి కాలు లాగుతా ఉండె. పండుకుంటే లేచేది కాదు. ఇనుపకడ్డీ ఎర్రగా కాల్చి పెట్టిరి. మళ్ళా మనిషిని చూస్తే సాలు, అది లేచి నిలబడతా ఉండె. నయమైందని అందరూ ఒకటే సంబరం." చెంప అటువైపు తిప్పుకుని, "చదువు" అంది.

ఒక మాఘమాసంలో పెద్దమ్మకు నడుము పట్టింది. ఎండు మిరపకాయల గంప ఎత్తబోయి వంగినది వంగినట్టే ఉండిపోయింది. నన్ను కేక వేశారు. ఆమెను మెల్లగా బోర్లా పడుకోబెట్టి కాలు మోపాను. మడమ కింద ఏదో చిన్నగా టక్కుమంది. పెద్దమ్మ కెవ్వుమని అరిచి, అదే ఊపులో లేచి నిలబడింది. అటు వంగింది. ఇటు వంగింది.

"పోయిందే! ఒక్క తొక్కుడుకి పోయిందే!" అని నా బుగ్గలు పుణికింది. "నీ కాలు బంగారం గాను!"

వీధంతా చేరింది. తలొక మాటా అన్నారు. నేను సిగ్గుతో గోడకు అతుక్కుపోయాను. అప్పుడు వంటింటి గడపలో అక్క కనిపించింది. అందరూ పెద్దమ్మను చూస్తుంటే ఆమె నా కాలిని చూస్తోంది. నాకు ఇంకా ఏమీ అర్థం కాలేదు. ఆమెకు అప్పటికే అర్థమైంది.

మరునాడు పెద్దమ్మ మా ఇంటికి వచ్చి అమ్మతో చెప్పింది. "నాకి ఒక్క తొక్కుడుకి పోయింది. అదే కాలు, అదే పాప. దానికి ఇన్నేండ్లుగా పోల్యా. అంటే అది నొప్పి గాదు అమ్మణ్ణీ. ఏదో దయ్యం గాలన్నా కావాల, సోమరితనమన్నా కావాల. రెండిటికీ వాతే మందు. పిల్ల బాగుపడాల గదా, నాకి ఇంకెవురుండారు?"

గదిలోంచి విన్నాను. జన్మలో మొదటిసారి పిలవకుండా పెద్దవాళ్ళ మాటల మధ్యకు పోయాను. "పెద్దమ్మా, మీది నడుము పట్టు. అక్కది వేరే. నిజంగా నొప్పే అది. వాతలు వద్దు" అన్నాను. గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే, అమ్మ "ఏమంటాండావు?" అని మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను.

పెద్దమ్మ కోపగించుకోలేదు. ప్రేమగానే నవ్వింది. "కాలు నీది గానీ పాపా, ఒళ్ళు నీది గాదు గదా. నీకెట్ల తెలుస్తాది?"

ఏం చెప్పాలి? నేను తొక్కడం లేదని చెబితే ఆమె ఇన్నేళ్ళూ ఊరికే పడుకుందని అవుతుంది. సోమరితనం అన్న మాటకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. నిలబడి వాళ్ళ మాటలు విన్నాను. తర్వాత అమ్మ కాఫీ ఇమ్మంది, ఇచ్చాను.

పత్తికొండ బస్సుకు పోయేటప్పుడు అక్క పెళ్ళికి పోతున్నట్టు కొత్త చీర కట్టుకుంది. భర్త సంచి పట్టుకుని ముందు నడిచాడు. ఆయనా మంచివాడే, దారిలో దాహమేస్తుందని చెంబులో నీళ్ళు పోయించుకున్నాడు. మా వాకిలి దాటుతూ ఆమె జారిన గాజులు మణికట్టు దాకా లాక్కుంది.

వాళ్ళు తిరిగి వచ్చాక గురువారం అలవాటుగా పోయాను. పెద్దమ్మ వాకిట్లోనే ఆపింది. "ఇంగ తొక్కే పని ల్యా పాపా. తగ్గిపోయింది. లోపలికి పోయి సూడు."

అక్క నిలబడి జొన్నలు చెరుగుతోంది. రవికె వెనక వీపు మీద రెండు చోట్ల గుడ్డ అంటుకుని ఉంది. పసుపూ నూనే కలిసిన మరక పైకి కనిపిస్తోంది. "తగ్గెనా అక్కా?" అన్నాను. ఏమనాలో తెలియక అడిగిన మాట.

"తగ్గింది సెల్లీ" అంది. చేట ఆపలేదు.

వెనక పెద్దమ్మ అడుగుల చప్పుడు వినబడగానే ఆమె మరింత నిటారుగా నిలబడింది.

తర్వాత కూడా పోతూనే ఉండేదాన్ని. చింతపండు గురించి, నీళ్ళ గురించి మాట్లాడేది. నవల చదవనా అంటే "ఇప్పుడు తీరిక యాడిది?" అనేది. రోలు, చీమలు, తడిబట్ట అన్న మాటలు ఆమె నోట మళ్ళీ రాలేదు. పొద్దున అందరికంటే ముందు లేచేది. ఇంట్లో ఎవరు అడుగుపెట్టినా లేచి నిలబడేది. వీధిలో అందరూ మెచ్చుకున్నారు. మా అమ్మ కూడా మెచ్చుకుంది. నేను కడపకు పోయేనాడు చెప్పడానికి వెళితే బొట్టు పెట్టి, అరచేతిలో నాలుగు పూలు పెట్టి, తలుపు దాకా వచ్చింది. వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి. అంతకుమించి ఏమీ జరగలేదు. జరిగి ఉంటే రాయడానికి బాగుండేది.

ట్రైనింగు రోజుల్లో సెలవులకు వచ్చినప్పుడు చూసిందీ అదే. నిలబడి పని చేస్తున్న మనిషి.

ఈసారి వచ్చి పెట్టె విప్పుకున్నాక నిన్న వాళ్ళింటికి పోయాను. పెద్దమ్మ లోపలి గదిలో, ఆ చల్లటి బండల మీద, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముందు చేటలో కందిపప్పు ఉంది గానీ ఏరడం లేదు. బాగా ముసలిదైపోయింది. నన్ను చూసి లేవబోయి, మళ్ళీ కూర్చుంది. పక్కన కూర్చోమంది. జ్వరం ఎట్లా వచ్చిందో, ఎన్నిసార్లు మంచినీళ్ళు అడిగిందో, ఎవరెవరు వచ్చారో చెప్పింది. చెప్పీ చెప్పీ అలవాటైన కథలా ఉంది. నాకు ఏమీ అనిపించలేదు. చేటలో రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను.

"పాపా" అంది ఉన్నట్టుండి. "నువ్వు దాని ఒళ్ళు తొక్కినదానివి. నీకి తెలిసింటాది. దానికి నిజంగా నొప్పి ఉండెనా?"

"ఉండె పెద్దమ్మా."

"ఎట్లుండె?"

చెప్పాను. రోలు సంగతి చెప్పాను. చీమల సంగతి చెప్పాను. తడిబట్ట సంగతి చెబుతుంటే పెద్దమ్మ చెయ్యి మెల్లగా లేచి రెండో భుజాన్ని పట్టుకుంది. అక్కడే ఉంచుకుంది.

"పొద్దున లేస్తానే ఎక్కువ ఉంటాది" అంది. "సేతి ఏళ్ళు ముడిస్తే రావు. దుప్పటి గూడా బరువు."

ఈ మాటలు నేను చెప్పినవి కావు. అక్క చెప్పినవీ కావు. తల ఎత్తి ఆమెను చూశాను. ఆమె తన వేళ్ళను చూసుకుంటోంది.

బయట వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడైంది. ఆమె కొడుకు వచ్చాడు. పెద్దమ్మ భుజం మీది చెయ్యి తీసేసి, గోడ పట్టుకుని లేచి నిలబడింది. నొప్పికి ముఖం ఒక్క క్షణం ముడుచుకుంది. నా చేతిలోని చేట తీసుకుని, నా చెవి దగ్గరికి వంగింది.

"నాకి గూడా ఉండాదని నా కొడుకుతో అనొద్దు పాపా."